మహాతల్లి నాకు నచ్చలేదు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. తన కూతురు పెరిగి పెద్దదై, తెలివి వచ్చి, ఒకరోజు తనను ఎగాదిగా చూసి, "ఇలాంటి మనిషి నాకు నచ్చదు" అనేస్తుందేమోనని. జ్వరమొస్తే మందుంది, దెబ్బ తగిలితే పట్టీ ఉంది. ఆ మాటకు ఏ షాపులోనూ మందు దొరకదు.

ఆ కూతురు ఇంకా బుట్టలోనే ఉంది. కత్తిరించగా మిగిలిన గుడ్డముక్కల బుట్టలో, ఖాళీ దారపు రీలు ఒకటి చేత పట్టుకుని కూర్చుంది. అందరికీ బుజ్జిది. మాటలు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నాయి. విన్న మాటనల్లా కాసేపు నోట్లో చప్పరించి, ఎవరూ అనుకోని వేళ బయటికి వదులుతుంది.

పోయిన వారం మనం కథ ఆపింది ఈ బుట్ట పక్కనే. అప్పుడు లేనివాళ్ళ కోసం ఒక్క ముక్క. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆ షెడ్డులో మధ్యాహ్నం అన్నాలయ్యాక మోటార్లు ఆపేస్తారు. ఇక అంతా చేతిపనే. గుండీలు, హెమ్మింగులు, వేలాడే దారాలు కత్తిరించడం. రొద ఉండదు కాబట్టి ఒకరు పుస్తకం చదువుతారు, మిగిలినవాళ్ళు వింటూ కుడతారు. చదివే మనిషి వాటా హెమ్మింగు వినేవాళ్ళు తలా ఒక లాగు చొప్పున పంచుకుంటారు. అది ఎప్పటినుంచో అక్కడ నడుస్తున్న పద్ధతి. బుజ్జిదాని తల్లి బడి సగంలో మానేసింది గానీ చదవడం మానలేదు, గొంతు కూడా ఖంగుమంటుంది. అందుకే ఆ పని ఆమెకు దక్కింది. "రేడియో" అన్న పేరు కూడా దాంతోపాటే వచ్చింది.

ఆమె చదువుతూ వచ్చింది నీలం అట్ట నవల. బస్సెక్కినా, డాక్టరు గది బయట కూర్చున్నా, ఆడవాళ్ళ చేతుల్లో ఆ నీలం అట్టే కనిపిస్తోంది ఈమధ్య. రేడియోకి మాత్రం మొదటిరోజే ఒళ్ళు మండిపోయింది. ఇంటికొస్తే కూర్చోమని చెప్పదగ్గ మనిషి అందులో ఒక్కరంటే ఒక్కరు లేరు. కథానాయిక పిల్లను బాదుతుంది, సొంత అక్క దగ్గర అబద్ధాలాడుతుంది, పక్కింటావిడ నవ్వితే కుళ్ళుకుంటుంది. అక్కేమో పుల్లలు పెట్టడానికే పుట్టింది. మొగుడి మాట తేనె, బుద్ధి విషం. ఆ కథానాయికకు రేడియో మనసులోనే "మహాతల్లి" అని పేరు పెట్టుకుంది. అంతటితో ఊరుకోలేదు. పైకి చదివేటప్పుడు కథ మార్చేసింది. ఎవరికీ అనుమానం రాలేదు. షెడ్డంతా మహాతల్లిని నెత్తిన పెట్టుకుని ఊరేగించింది. నవల అయిపోయి వారం పది రోజులు కూడా దాటింది.

ఆ మధ్యాహ్నం, మోటార్లు ఆగీ ఆగకముందే, ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి ఇస్త్రీ వదిన, అదే నీలం అట్ట నవల ఇంకో ప్రతి చంకలో పెట్టుకుని వచ్చి ఆమెకు ఎదురుగా నిలబడింది.

"కూర్చో వదినా."

"కూర్చోడానికి రాలేదు. నీ పుణ్యమా అని మా ఆడపడుచూ నేనూ నిన్న జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పనైంది."

"నేనేం చేశాను?"

"ఆవిడ ఈ పుస్తకం చదివి, ఛీ ఛీ అదేం ఆడది, అంటుంది. బంగారంలాంటి మనిషిని పట్టుకుని ఆ మాటెలా అంటావు, అని నేను. పిల్లకి రోజూ జడలేస్తుంది, అన్నాను. ఆవిడ నావంక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. పంతానికి పోయి పందెం కూడా కాశాను. ఈ నెలంతా అంట్లు నావే."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇస్త్రీ వదిన నవ్వలేదు. ఆమెది కూడబలుక్కుని చదివే చదువు. అందుకే ఆడపడుచు చేత పేజీల మూలలు మడత పెట్టించుకుని మరీ వచ్చింది. పుస్తకం తెరిచి రేడియో ఒళ్ళో పెట్టి, ఒక లైను కింద వేలు ఆనించింది.

"ఇక్కణ్ణుంచి చదువు. నా వేలెక్కడుంటే నీ కళ్ళక్కడ."

తప్పించుకునే దారులు లేకపోలేదు. అచ్చులో తేడా అనొచ్చు. గొంతు బాగోలేదనొచ్చు. దొంగలా గొణగడం మాత్రం రేడియోకి పుట్టుకతోనే రాదు. షెడ్డు చివర ఉన్నవాళ్ళకు కూడా వినబడేలా చదివింది.

"'అన్నం నేలపాలు చేసిన పిల్ల చెంప మీద ఆమె చాచి కొట్టింది. ఏడుపు ఆగలేదని ఇంకోటి కొట్టింది. తర్వాత అద్దం ముందు కూర్చుని, తీరిగ్గా పెదాలకు రంగు వేసుకుంది.'"

సూదులు ఆగిపోయాయి.

"ఇక్కడ నువ్వేం చదివావో గుర్తుందా?" అంది ఇస్త్రీ వదిన. "పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసిందన్నావు."

"అంటే... కొట్టిన ప్రతిచోటా జడేనా?" అంది మూల నుంచి ఒకావిడ.

"ఓరి దేవుడో! ఎన్ని జడలే తల్లీ ఆ పిల్లకి! ఈపాటికి బోడిగుండై ఉండాలి కదే!"

షెడ్డు పగలబడి నవ్వింది. బుట్టలో బుజ్జిది కూడా చప్పట్లు కొట్టింది. నవ్వు తగ్గాక ఇస్త్రీ వదిన అసలు మాట అంది.

"నీ వాటా లాగులన్నీ మేం కుట్టాం, వేళ్ళు పొడుచుకుని మరీ. నువ్వేమో మాకు నకిలీ సరుకు అంటగట్టావు."

రేడియో పుస్తకం మూసింది. లేచి నిలబడింది.

"అవును, మార్చాను. నాకు నచ్చలేదు, అందుకే మార్చాను. ఊరంతా నెత్తిన పెట్టుకుందని నేనూ పెట్టుకోవాలా? నాకా మహాతల్లి నచ్చలేదు. వాళ్ళక్క నచ్చలేదు. ఆ మొగుడైతే గుమ్మం తొక్కడానిక్కూడా పనికిరాడు. అంత లావు పుస్తకంలో దాహమేసిన మనిషికి గ్లాసుడు నీళ్ళిచ్చినవాళ్ళు లేరు. అలాంటివాళ్ళతో రోజూ మధ్యాహ్నం కూర్చోమంటే ఎలా కూర్చునేది? అచ్చేసిన ప్రతి ముక్కా నా నోటితోనే పలకాలా? నోరు నాది. పక్కన బుట్టలో ఉన్నదీ నా పిల్లే. అది విన్నదల్లా పట్టేస్తుంది."

"నచ్చడానికి కాదట. అర్థం చేసుకోవడానికట. మా ఆడపడుచు అంది."

"నాకు అర్థమైందని చెప్పు మీ ఆడపడుచుతో. అర్థమయ్యాకే నచ్చలేదు."

అప్పటిదాకా తల ఎత్తకుండా కూర్చున్న కాలర్ పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. షెడ్డులో అందరికన్నా పెద్దది. కాలర్ తిప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

"ఆ చెంపదెబ్బ ఇంకోసారి చదవవే."

"ఎందుకు పెద్దమ్మా?"

"చదవమంటే చదువు."

రేడియో చదివింది. ఈసారి గొంతు కొంచెం తగ్గింది. పెద్దమ్మ చివరిదాకా విని, కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది.

"పెదాలకి రంగు ఒక్కటే తేడా. నా దగ్గర రంగు ఎక్కడిది?" అంది. "నువ్వు జడలేయించిన రోజుల్లో నాకు తిన్నది ఒంటికి పట్టలేదు తెలుసా. కథల్లోవాళ్ళు కూడా పిల్లల మీద చెయ్యెత్తరు, నేనొక్కదాన్నే రాక్షసిని, అనుకుంటూ ఇంటికెళ్ళేదాన్ని."

"పెద్దమ్మా... అయినా సరే, నాకా మనిషి నచ్చదు."

"నచ్చమని ఎవరన్నారే? నాకూ నచ్చలేదు. కానీ నా పక్కన కూర్చోబెట్టాల్సిన మనిషిని నువ్వు గుమ్మంలోంచే పంపించేశావు."

ఆ మాట రేడియోకి సూటిగా తగిలింది. తగిలినా తల దించలేదు. ఏదో అనబోయింది. ఇంతలో ఇస్త్రీ వదిన పుస్తకం అందుకుని, చివరి మడత తీసింది.

"ఇదైపోలేదు. మొగుణ్ణి వదిలొచ్చిన నీ మహాతల్లి తిరిగి ఇంటికెళ్ళింది, మొగుడు నవ్వుతూ తలుపు తీశాడు, చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు, కథ కంచికి, అన్నావు. దీంట్లో ఆ తర్వాత ఇంకా బోలెడుందేం?"

రేడియో ఆ పేజీ వంక చూసింది.

"ఉంది," అంది.

"ఏముంది?"

"తలుపు తీశాడు. అది నిజంగానే ఉంది. తీసి, లోపలికి రానిచ్చి, గడియ పెట్టాడు. ఆమె ఫోను లాక్కున్నాడు. బయటికెళ్తే తాళం వేసుకుపోయేవాడు. ఎవరైనా వచ్చి అడిగితే, నిద్రపోతోంది, అనేవాడు."

"మరెలా బయటపడింది?"

"నోరు పెట్టుకుని. కిటికీలోంచి గిన్నెలు విసిరింది. వీధి వీధంతటినీ బండబూతులు తిట్టింది. ఇలాంటి గయ్యాళి మా పక్కనుందేంటి అని అందరూ అసహ్యించుకున్నారు. ఆ గోల భరించలేక చివరికి వాళ్ళే తాళం పగలగొట్టారు. జాలిపడి కాదు, నిద్ర పట్టక. అదంతా చదవబుద్ధి కాలేదు నాకు. గడియ దగ్గరే ఆపేశాను."

చెబుతూ చెబుతూనే ఆమె చూపు కిటికీ పక్కనున్న స్టూలు మీద పడింది. ఆ స్టూలు ఖాళీగా ఉంది. పక్కనే గుండీల డబ్బా, సూది గుచ్చిన దారపుండ. అందరి చూపులూ ఒక్కొక్కటే అటు తిరిగాయి.

అది గుండీల పిల్ల కూర్చునే చోటు. పెళ్ళయి ఏడాది కూడా తిరక్కుండానే, మణికట్టు మీద కమిలిన మచ్చతో మొగుడింట్లోంచి వచ్చేసి, కాలర్ పెద్దమ్మ ముందుగదిలో తలదాచుకున్న పిల్ల. అక్షరం ముక్క రాదు. నవల చివర విన్న రోజున అందరూ వెళ్ళిపోయాక రేడియో దగ్గరికొచ్చి, చెవిలో చెప్పినంత మెల్లగా అడిగింది. "నిజంగా అట్లాగే రాసుందా అక్కా? తలుపు తీశాడా?"

"రాసుంది. తీశాడు," అంది రేడియో అప్పుడు, బుజ్జిదాని ముక్కు తుడుస్తూ.

మర్నాడే ఆ పిల్ల మొగుడి దగ్గరికి పోతానని బట్టలు సర్దుకుంది. షెడ్డంతా కలిసి నవ్వుతూ సాగనంపింది. పెద్దమ్మ అయితే కొత్త జాకెట్టు కుట్టి పెట్టింది. రెండ్రోజుల్లో పనిలోకి వస్తానంది. వారం దాటింది. రాలేదు. కొత్తగా కలుసుకున్న మొగుడూ పెళ్ళాలు, తీరిక ఎక్కడుంటుందిలే అని నవ్వుకున్నారే తప్ప, ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. ఎలా వస్తుంది? కథలో తలుపు తీశాడు కదా.

పెద్దమ్మ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. కాసేపటికి దించింది. "స్విచ్చాఫు."

రేడియో బుట్టలోంచి బుజ్జిదాన్ని తీసి చంకనేసుకుంది. పిల్ల ఆమె మెడ గట్టిగా పట్టుకుంది.

"ఎక్కడికే?"

"చూడాలి పెద్దమ్మా. మొహం చూసి రావాలి."

"నేనూ వస్తా," అంటూ ఇస్త్రీ వదిన పెట్టె ప్లగ్గు పీకి, నీలం అట్ట పుస్తకం మళ్ళీ చంకలో ఇరికించుకుంది.

కాలర్ పెద్దమ్మ రేడియో ముందున్న లాగుల కట్ట తన ఒళ్ళోకి లాక్కుంది. "నీ వాటా మేం కుడతాం. పో. ఈసారి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు."

గుండీల పిల్ల మొగుడి ఇల్లు రెండు వీధుల అవతలే. ఇరుకు మెట్లు, గుమ్మం గుమ్మానికీ కాళ్ళు తుడుచుకునే ఒక కాలిపట్టా, ఆరేసిన తుండ్లలోంచి తలమీద పడే నీటిచుక్కలు. పై అంతస్తులో చివరి తలుపు ముందు రెండు జతల చెప్పులున్నాయి. ఆడ చెప్పుల్లో ఒకదాని పట్టీ తెగితే యూనిఫాం గుండీ పెట్టి కుట్టుకున్నారు. అది చూడగానే రేడియో గుర్తుపట్టింది, అవి గుండీల పిల్లవే. మనిషి లోపలే ఉంది.

తలుపు కొట్టింది.

"ఎవరండీ?" మగ గొంతు. మెత్తగా, మర్యాదగా ఉంది.

"కుట్టు షెడ్డు నుంచి వచ్చాం. అమ్మాయిని ఒకసారి చూసి పోదామని."

"తను నిద్రపోతోందండీ."

రేడియో, ఇస్త్రీ వదిన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వదిన చంకలోంచి పుస్తకం జారబోయింది.

"పట్టపగలు నిద్రేంటి బాబూ? లేపు. మొహం చూసి పోతాం."

"ఒంట్లో బాగోలేదండీ. రేపు రండి."

"బాగోలేదనే చూస్తామంటున్నాం."

"ఇది మా ఇంటి విషయమండీ."

రేడియో అరచేత్తో తలుపును బాదింది. మళ్ళీ బాదింది. కింది అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటావిడ బయటికొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏంటమ్మా ఈ గోల? అతను పద్ధతిగా చెబుతున్నాడు కదా! చంకలో పిల్లనేసుకుని ఈ రౌడీతనమేంటి? ఇలాంటి ఆడవాళ్ళు నాకస్సలు నచ్చరు."

అదే మాట. పిల్ల నోటి నుంచి ఏనాటికి వస్తుందోనని ఆమె వణికిపోతున్న మాట, పిల్ల వింటుండగానే ఎవరో అనేశారు. రేడియో ఒక్క క్షణం ఆగింది. చంకలో బుజ్జిదాని వంక చూసింది. అది ఏడుస్తుందనుకుంది. అదేమో ముందుకు వంగి, బుల్లి అరచెయ్యి తలుపుకు ఆనించి, తల్లి కొట్టినట్టే కొట్టింది.

"తియ్యి," అంది.

రేడియో పక్కింటావిడ వైపు తిరిగింది. "నచ్చక్కర్లేదు పిన్నిగారూ. నచ్చాలని రాలేదు నేను." మళ్ళీ తలుపు బాదింది. ఈసారి ఇంకా గట్టిగా.

అప్పుడు లోపలి నుంచి ఇంకో గొంతు వినిపించింది. సన్నగా, తలుపుకు దగ్గరగా.

"అక్కా, నువ్వెళ్ళక్కా. బానే ఉన్నాను. అంతా నువ్వు చదివినట్టే ఉంది."

ఆ మాట వెనకే లోపల ఇనుము కదిలింది. గడియ తీస్తున్న చప్పుడు కాదు. రెండో గడియ వేస్తున్న చప్పుడు.

ఇస్త్రీ వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. రేడియో కన్నీళ్ళు పెట్టుకోలేదు. పిల్లను వదిన చేతికిచ్చి, ఆమె చంకలోంచి పుస్తకం లాక్కుంది. గుమ్మానికి అడ్డంగా, కాలిపట్టా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చివరి మడత తెరిచింది.

"విను చెల్లీ!" అని అరిచింది. "నేను తప్పు చదివాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చదువుతాను. చివరిదాకా విను!"

మోటార్ల రొదను మించి వినబడగల గొంతు అది. మెట్లన్నీ మారుమోగాయి. గడియ పెట్టడం చదివింది. ఫోను లాక్కోవడం చదివింది. మహాతల్లి అరుపులు, ఆ తిట్లు, ఇన్నాళ్ళూ నోటికి రానివ్వని బూతులు, బుజ్జిది వింటుండగానే, ఒక్క అక్షరం మింగకుండా చదివింది. కింద నుంచి జనం పైకి వస్తున్నారు. "ఛీ, ఏం మాటలవి!" అంటున్నారు. లోపల మగ గొంతులో తేనె ఇంకిపోయింది. "ఆపు! ఆపమంటే ఆపవే!" అంటున్నాడు. అతను ఎవరిని అంటున్నాడో తెలియదు.

"'ఆమె చేతికి దొరికిన మొదటి గిన్నె తీసింది,'" చదివింది రేడియో. "'కిటికీ వైపు...'"

లోపల ధన్ మని గిన్నె పడింది. పడి, దొర్లి, దొర్లి, ఆగింది.

ఆ తర్వాత చప్పుడు లేదు.

అది ఆ పిల్ల విసిరిన గిన్నో, ఆమె పడితే తగిలి దొర్లిన గిన్నో, ఈ పూట నేనూ చెప్పలేను. రేడియో గురించి బెంగ పెట్టుకోకండి. ఆ కాలిపట్టా మీంచి ఆమెను లేపగలిగినవాళ్ళు ఆ మెట్ల మీద ఎవరూ లేరు. మీరు మాత్రం నా కోసం ఒక పని చేయండి. ఈ పేజీ మూల మడిచి పక్కన పెట్టండి. మీకు తెలిసినవాళ్ళలో కూడా తలుపు అవతలి నుంచి "బానే ఉన్నాను" అన్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆమె మీకు నచ్చకపోయినా సరే, ఎవరికీ నచ్చని మనిషైనా సరే. ఒకసారి వెళ్ళి, తలుపు తీయించి, మొహం చూసి రండి.